పాత లారీల డీజిల్ లైన్ కరెంటు ఫాల్టులకు ఫ్లూక్ 101 మీటరు ఎంతవరకు పనికొస్తుంది?

ఫ్లూక్ 101 మల్టీమీటరుకు ప్రోబులు (కొలిచే మొనలున్న వైర్లు) గుచ్చే రంధ్రాలు రెండే ఉంటాయి. ఎర్రదానికి ఒకటి, నల్లదానికి ఒకటి. ఆంపియర్లు కొలిచే మూడో రంధ్రం లేదు. ఇంత డబ్బు పెట్టి ఆంపియర్లు చూడని మీటరు ఎందుకని చాలామంది దీన్ని షాపులోనే పక్కన పెడతారు. లారీల కరెంటు పనికి దీన్ని కొనమని చెప్పడానికి మొదటి కారణం మాత్రం ఆ మూడో రంధ్రం లేకపోవడమే.

ప్రతి షెడ్డులో దొరికే పసుపు డీటీ-830 మీటరును ఒకసారి చూడండి. 10 ఆంపియర్ల రంధ్రం పక్కన అన్‌ఫ్యూజ్డ్ (ఫ్యూజు లేదు) అని అచ్చు వేసి ఉంటుంది. ఆ రంధ్రం వెనక ఒక లావు తీగ ముక్క తప్ప ఇంకేమీ ఉండదు. పొద్దున ఎవరో ఆంపియర్లు చూసి ఎర్ర వైరు అందులోనే వదిలేస్తారు. సాయంత్రం ఇంకో కుర్రాడు వోల్టేజ్ చూద్దామని బ్యాటరీ మొలలకు ఆనిస్తాడు. రెండు బ్యాటరీల 24 వోల్టులు నేరుగా షార్టయి వందల ఆంపియర్లు పారతాయి, ప్రోబు వైరు చేతిలోనే కరుగుతుంది. డీజిల్ తడితో ఉన్న ఫిల్టర్ పక్కన అలా జరగకూడదు. నలుగురు వాడే షెడ్డులో, పని నేర్చుకునే పిల్లలున్న చోట, రెండు రంధ్రాల మీటరులో ఆ పొరపాటుకు తావే లేదు.

ఈ రివ్యూ ఇంట్లో ప్లగ్గులు చూసుకునేవారికి కాదు. వరంగల్ ఆటోనగర్‌లోనో, కరీంనగర్, గోదావరిఖని రోడ్ల పక్క షెడ్లలోనో పాత టాటా 407లు, 1613లు, బొలెరో పికప్‌లు, పాత లేలాండ్లు బాగుచేసేవారికి, అలాంటి బండి ఉన్న ఓనర్లకు. 'సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవట్లేదు', 'నడుస్తూ నడుస్తూ ఆగింది, అరగంట తర్వాత దానంతటదే స్టార్టయింది' అనే ఫిర్యాదుల్లో డీజిల్ వైపు ఎంత, కరెంటు వైపు ఎంత అన్నది తేల్చడానికి ఈ మీటరు ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నదే ఇక్కడి విషయం.

ముందు బండి ఏ రకమో చూసుకోవాలి. పాత ఇన్‌లైన్ పంపు బండ్లలో డీజిల్‌ను లాగే ఫీడ్ పంపు మెకానికల్. కొన్నిట్లో ఆపడానికి కూడా చేత్తో లాగే కేబులే ఉంటుంది. అలాంటి బండి స్టార్ట్ కాకపోతే డీజిల్ లైన్‌లో కరెంటు పనే లేదు, మీటరు పెట్టెలో పెట్టి, లైన్‌లో చేరిన ఎయిర్ తీయండి. కేబుల్ బదులు స్టాప్ సాలినాయిడ్ (కరెంటుతో లాగే అయస్కాంత కాయిల్) ఉన్నవి రెండు రకాలు: కరెంటు వస్తే ఇంజన్ నడిచేవి, కరెంటు వస్తే ఆగేవి. కీ వేసినప్పుడు పంపు మీది లివర్ కదిలితే మొదటి రకం. కీ ఆపినప్పుడు ఒక్కసారి లాగి వదిలితే రెండోది. ఇది తెలియకుండా మీటరు పెట్టినవారికి అంకె కనబడుతుంది గాని దాని అర్థం తలకిందులవుతుంది. రోటరీ పంపు ఉన్న చిన్న బండ్లలో పంపు తల మీద బొటనవేలంత షట్ఆఫ్ సాలినాయిడ్ ఉంటుంది. కీ వేయగానే 'టక్' మనాలి. ఇక కామన్ రైల్ (కంప్యూటరు నడిపే ఇంజెక్షన్) బండ్లలో కొన్నిటికి ట్యాంకులోనో ఛాసిస్ మీదనో ఎలక్ట్రిక్ ఫీడ్ పంపు, దానికో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), హైప్రెషర్ పంపు మీద మీటరింగ్ యూనిట్ (డీజిల్ ఎంత పోవాలో చూసే భాగం), రైల్ మీద ప్రెషర్ సెన్సార్ ఉంటాయి.

మూడు రకాల్లోనూ నింద ముందు పడేది సాలినాయిడ్ మీదో పంపు మీదో. పాతది తీసి కొత్తది వేస్తారు, రెండు రోజులు నడుస్తుంది, మళ్లీ అదే కథ. నడిచిన ఆ రెండు రోజులు కూడా కొత్త పార్టు చలవ కాదు. విప్పి బిగించేటప్పుడు కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) పిన్నులు ఒకసారి రాసుకుని తాత్కాలికంగా శుభ్రపడటం వల్ల నడిచింది. అసలు తప్పు చిలుము పట్టిన కప్లర్‌లో, అరిగిన కీ స్విచ్‌లో, కాలిన రిలే పాయింట్లలో, రంగు మీద బిగించిన ఎర్త్ లుగ్గులో (వైరు చివరి బిగింపు ముక్కలో) ఉంటుంది. బండి పాతబడే కొద్దీ పార్టు కంటే దాని దాకా వెళ్లే దారే ఎక్కువ చెడుతుంది. చెరువు నిండుగా ఉన్నా తూము పూడితే పొలానికి నీళ్లు అందవు. ఈ మీటరు విలువంతా ఆ పూడిక ఎక్కడుందో చూపించడంలోనే ఉంది.

మీటరు తీయకముందే చేయాల్సినవి రెండున్నాయి. హ్యాండ్ ప్రైమర్ కొట్టి ఫిల్టర్ మీది బ్లీడింగ్ నట్టు వదులు చేయండి. బుడగలు లేని డీజిల్ గట్టిగా వస్తే ట్యాంకు నుంచి ఫిల్టర్ దాకా లైన్ బాగుంది. తర్వాత ఒకరు కీ వేస్తుంటే మరొకరు సాలినాయిడ్ మీద వేలు పెట్టి చూడండి. టక్కుమన్నది వేలికి తెలుస్తుంది. టక్కుమంటే సాలినాయిడ్ చచ్చిపోలేదు. అయితే అంతటితో అది బాగుందని కాదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు కూడా పట్టుకుని ఉందా అన్నది వేరే ప్రశ్న, దానికే మీటరు కావాలి.

ఇక అసలు పని, వోల్టేజ్ డ్రాప్ టెస్టు, అంటే కరెంటు పారుతుండగా దారిలో ఎంత వోల్టేజ్ పోతోందో చూడటం. దీన్ని తెలిసినవాళ్లు కూడా ఎక్కువమంది కప్లర్ ఊడదీసి చూస్తారు. అలా చూస్తే ఏమీ తెలియదు. కప్లర్ ఊడితే లైన్‌లో కరెంటు పారదు, పారకపోతే చిలుము దగ్గర వోల్టేజ్ పడదు, మీటరు నిండుగా 24 చూపిస్తుంది. కప్లర్ పెట్టే ఉండాలి, కీ వేసి ఉండాలి, సాలినాయిడ్ లాగుతూ ఉండాలి. ప్రోబును కప్లర్ వెనక వైపు నుంచి, రబ్బరు సీలు పక్కగా, సన్నని సూదితో లోపలికి తోయాలి. 101తో వచ్చే ప్రోబు మొన దీనికి లావు. సూదిలాంటి బ్యాక్‌ప్రోబులు విడిగా కొనుక్కోవాల్సిందే. వైరు తోలును మధ్యలో గుచ్చకండి. వానాకాలంలో ఆ చిల్లులోంచే నీరు చేరి, వచ్చే ఏడాదికి అక్కడే కొత్త ఫాల్టు పుడుతుంది.

ముందు బ్యాటరీ. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు నిండుగా ఛార్జయిన 12 వోల్టుల బ్యాటరీ 12.6 దగ్గర, 24 వోల్టుల జత 25.2 దగ్గర ఉండాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 12 వోల్టుల బండిలో 9.6 కన్నా, 24 వోల్టుల బండిలో సుమారు 19 కన్నా కింద పడితే ముందు బ్యాటరీ, దాని లుగ్గులు చూసుకోండి. అది సరిచేయకుండా డీజిల్ లైన్ టెస్టు చేసినా ఫలితాన్ని నమ్మలేం.

తర్వాత మీటరు ఎర్ర ప్రోబును బ్యాటరీ ప్లస్ మొల మీద పెట్టండి. లుగ్గు మీద కాదు, సీసం మొల మీదే, ఎందుకంటే మొలకీ లుగ్గుకీ మధ్య తెల్లపొర కూడా ఒక ఫాల్టే. నల్ల ప్రోబును సాలినాయిడ్ ప్లస్ వైరు మీద పెట్టండి. కీ వేయండి. ఇప్పుడు మీటరు చూపేది దారిలో పోయిన వోల్టేజ్. అర వోల్టు లోపు ఉంటే దారి బాగుంది. 2 వోల్టులో 3 వోల్టులో చూపిస్తే ఎక్కడో పూడిక ఉంది. ఎర్ర ప్రోబును కదపకుండా నల్లదాన్ని వెనక్కి జరుపుకుంటూ రండి: సాలినాయిడ్ కప్లర్‌కు ఇవతల, తర్వాత క్యాబిన్ కింది పెద్ద కప్లర్, కీ స్విచ్ బయటికొచ్చే వైరు, కీ స్విచ్‌లోకి వెళ్లే వైరు, ఫ్యూజుకు అటు, ఇటు. అంకె ఒక్కసారిగా ఎక్కడ తగ్గిందో, ఆ రెండు చోట్ల మధ్యే తప్పు ఉంది. ఉదాహరణకు కీ స్విచ్ బయటి వైరు దగ్గర 2.4, లోపలి వైరు దగ్గర 0.2 వస్తే స్విచ్ పాయింట్లే 2.2 వోల్టులు తింటున్నాయి. సాలినాయిడ్ కొనే డబ్బు మిగిలినట్టే.

లారీలో బ్యాటరీ ఒకచోట, ఇంజన్ ఒకచోట ఉంటాయి కాబట్టి ప్రోబు వైర్లు చాలవు. 5 మీటర్ల సన్నని వైరుకు రెండు వైపులా మొసలి క్లిప్పులు వేసి పొడిగించుకోండి. వైరు సన్నగా ఉంటే రీడింగ్ తప్పు వస్తుందని భయపడనక్కర్లేదు. వోల్టేజ్ చూసేటప్పుడు ఈ మీటరు లోపలి రెసిస్టెన్స్ 10 మెగాఓమ్స్ పైనే, అది తాగే కరెంటు లెక్కలోకి రాదు.

ఎర్త్ వైపు కూడా ఇదే పద్ధతి. నల్లది బ్యాటరీ మైనస్ మొల మీద, ఎర్రది సాలినాయిడ్ బాడీ మీద పెట్టి కీ వేయండి. 0.2 వోల్టు మించకూడదు. సెల్ఫ్ కొట్టినప్పుడు మళ్లీ చూడండి. కీ వేసినప్పుడు 0.1 ఉన్నది సెల్ఫ్ కొట్టగానే 2 వోల్టులు దాటితే ఇంజన్‌కూ ఛాసిస్‌కూ మధ్య జడలా అల్లిన ఎర్త్ పట్టీ పోయింది. ఈ ఫాల్టుకు ఇంకో గుర్తుంది: సెల్ఫ్ కరెంటు వేరే దారి లేక యాక్సిలరేటర్ కేబుల్ గుండా, స్టాప్ కేబుల్ గుండా పారుతుంది. నాలుగుసార్లు సెల్ఫ్ కొట్టాక ఆ కేబుల్ మీద చెయ్యి పెడితే వేడిగా తగులుతుంది, ముదిరితే పైతొడుగు కరిగి లోపల తీగ అంటుకుపోతుంది. యాక్సిలరేటర్ కేబుల్ మాటిమాటికీ బిగుసుకుంటోందని బండి వస్తే, కేబుల్ మార్చే ముందు ఎర్త్ పట్టీ చూడండి.

ఈ పనుల్లో 101 నమ్మకంగా నిలబడుతుంది. 6 వోల్టుల లోపు ఒక మిల్లీవోల్టు వరకు చూపిస్తుంది, రేంజి తనే మార్చుకుంటుంది. నూనె చేతులతో నాబ్ ఎన్నిసార్లు తిప్పాలన్న బెడద లేదు. బరువు 160 గ్రాములే, చొక్కా జేబులో పడుతుంది.

వైరు కలిసి ఉందని 'కీ' మని చెప్పే బజర్ విషయంలో మాత్రం జాగ్రత్త. ఇది ఈ మీటరు తప్పు కాదు, అన్ని మీటర్ల బజర్లూ అంతే. కొన్ని పదుల ఓమ్స్ ఉన్నా బజర్ మోగుతుంది. ఎలక్ట్రిక్ ఫీడ్ పంపు 6 ఆంపియర్లు లాగుతోందనుకోండి. కప్లర్‌లో అర ఓమ్ చిలుము చాలు, అక్కడ 3 వోల్టులు పోతాయి. 12 వోల్టుల పంపుకు మిగిలేది 9. పోయిన ఆ 3 వోల్టులు 6 ఆంపియర్లతో 18 వాట్ల వేడిగా మారి కప్లర్ ప్లాస్టిక్‌ను గోధుమరంగులోకి తెచ్చి మెల్లగా కరిగిస్తాయి. అదే అర ఓమ్ మీద బజర్ హాయిగా 'కీ' మంటుంది. వైరు ఎక్కడికి పోతోందో వెతకడానికి బజర్ వాడండి, వైరు బాగుందా అన్నదానికి వాడకండి.

ఓమ్స్ రేంజిలో ఇది 0.1 దాకా చూపిస్తుంది. ప్రోబు వైర్ల సొంత రెసిస్టెన్స్‌ను తీసేసే బటన్ లేదు కాబట్టి ముందు రెండు మొనలూ కలిపి ఎంత వస్తుందో చూసి మనమే తీసేయాలి. సాలినాయిడ్ కాయిళ్లకు ఇది సరిపోతుంది. 12 వోల్టుల రోటరీ పంపు షట్ఆఫ్ కాయిల్ చల్లగా ఉన్నప్పుడు సుమారు 7 నుంచి 12 ఓమ్స్ మధ్య ఉంటుంది. మరి వేడెక్కాక? రాగి వేడికి రెసిస్టెన్స్ పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర 8 ఓమ్స్ ఉన్న కాయిల్ 95 డిగ్రీల దగ్గర 10 దాటుతుంది. అంటే కాయిల్‌లో పారే కరెంటు అయిదో వంతు దాకా తగ్గి, లాగే బలం అంతకంటే ఎక్కువే తగ్గినట్టు. దారిలో 2 వోల్టులు పోతున్న బండి చలికాలం బాగానే నడిచి, మే నెలలో ములుగు రోడ్డు మీద చాయ్‌కి ఆపాక స్టార్ట్ కాకుండా మొండికేసేది అందుకే. కాయిల్ చల్లారాక మళ్లీ స్టార్టవుతుంది. ఆ బండికి సాలినాయిడ్ మార్చినా కొంతకాలం నడుస్తుంది. దారిని బాగుచేస్తే పాత సాలినాయిడే నడుస్తుంది.

స్టాప్ సాలినాయిడ్‌కు మూడు వైర్లుంటే ఇంకో మాట. అందులో లాగే కాయిల్, పట్టుకునే కాయిల్ అని రెండుంటాయి. పట్టుకునేది ఒక ఆంపియర్ దగ్గర తాగితే, లాగేది 12 వోల్టుల రకంలో 30 నుంచి 50 ఆంపియర్ల దాకా తాగుతుంది. అది క్షణం సేపు మాత్రమే పనిచేయాలి. టెస్టు చేస్తున్నామని బ్యాటరీ నుంచి దానికి డైరెక్ట్ ఇచ్చి అలాగే పట్టుకుంటే కొన్ని సెకన్లలోనే కాలిన వాసన వస్తుంది. లాగే కాయిల్ రెసిస్టెన్స్ అర ఓమ్ లోపే ఉంటుంది కాబట్టి ఈ మీటరుతో దాన్ని నమ్మకంగా కొలవలేం. తెగిందా లేదా అన్నది మాత్రం తెలుస్తుంది.

రిలే దగ్గర కాయిల్ పిన్నులు 85, 86. బ్యాటరీ నుంచి వచ్చేది 30, పంపుకు పోయేది 87. 12 వోల్టుల రిలే కాయిల్ 70 నుంచి 100 ఓమ్స్, 24 వోల్టులది సుమారు 250 నుంచి 350. స్పేర్ షాపుల్లో రెండూ ఒకే నల్ల డబ్బాల్లా కనబడతాయి, ఎన్ని వోల్టులన్నది పక్కన సన్నగా రాసి ఉంటుంది. 24 వోల్టుల లారీలో 12 వోల్టులది వేస్తే కొంతసేపు పనిచేసి కాయిల్ కాలిపోతుంది. 12 వోల్టుల బండిలో 24 వోల్టులది వేస్తే అసలు లాగదు, లేదా వణుకుతుంది. బిగించే ముందు ఒకసారి ఓమ్స్ చూసుకోండి. ఇక రిలే టక్కుమన్నంత మాత్రాన పాయింట్లు కలిశాయని కాదు. పంపు తిరుగుతుండగా 30కీ 87కీ మధ్య వోల్టేజ్ చూడండి, 0.2 దాటితే పాయింట్లు కాలాయి. గీకి శుభ్రం చేస్తే నాలుగు రోజులు నడుస్తుంది. చిన్న పార్టు, మార్చేయండి.

ఆంపియర్లు చూడలేకపోవడం ఎలక్ట్రిక్ ఫీడ్ పంపుల దగ్గర నిజంగా లోటే. దానికి ఒక దారి ఉంది, బ్లేడ్ ఫ్యూజు మీద వోల్టేజ్ డ్రాప్ చూడటం. ఫ్యూజు వీపు మీద రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి, ప్రోబులు అక్కడ పెట్టాలి. 10 ఆంపియర్ల మామూలు బ్లేడ్ ఫ్యూజు మీద ఆంపియరుకు సుమారు 7 నుంచి 8 మిల్లీవోల్టులు, 20 ఆంపియర్లదాని మీద 3 నుంచి 4 మిల్లీవోల్టులు పడతాయి. 10 ఆంపియర్ల ఫ్యూజు మీద 0.038 కనిపిస్తే పంపు సుమారు 5 ఆంపియర్లు లాగుతున్నట్టు. 12 వోల్టుల ఫీడ్ పంపు చాలావరకు 4 నుంచి 8 ఆంపియర్ల మధ్య ఉంటుంది. బాగా ఎక్కువ తాగుతుంటే ఫిల్టర్ మూసుకుపోయి గానీ, లోపల బిగుసుకుపోయి గానీ ఉంటుంది. తక్కువ తాగుతూ నీరసంగా తిరిగితే దారిలో పూడిక, లేదా బ్రష్షులు అరిగాయి. పంపు దగ్గరే కొలిచిన వోల్టేజ్ నిండుగా ఉండి, ఎర్త్ డ్రాప్ 0.2 లోపు ఉండి, ఫ్యూజు మీద సున్నా వస్తే అప్పుడు పంపు పోయిందని ధైర్యంగా ఓనరుకు చెప్పొచ్చు. అంతకుముందు చెప్పకూడదు. పాత గాజు ఫ్యూజులకు, తీగ చుట్టి బిగించిన ఫ్యూజులకు ఈ లెక్క పనికిరాదు. ముందు ఆ తీగ తీసి సరైన ఫ్యూజు వేయండి.

రోజూ ఆంపియర్లు చూసే పని ఉంటే దీని పక్కన యూని-టీ కంపెనీ యూటీ210ఈ లాంటి డీసీ క్లాంప్ మీటరు ఉండాలి. వైరు కోయకుండా చుట్టూ పట్టించి చూడొచ్చు. కొనేటప్పుడు డీసీ ఆంపియర్లు చూస్తుందో లేదో అడగండి, ఏసీ మాత్రమే చూసే క్లాంపులు లారీకి పనికిరావు.

101 చేయలేని ఇంకో పని, కుదుపుకు వచ్చిపోయే లూజ్ కాంటాక్ట్‌ను పట్టుకోవడం. అంకె స్థిరపడే లోపే వైరు మళ్లీ అతుక్కుంటుంది, పైగా కనిష్ఠ, గరిష్ఠ విలువలను గుర్తుంచుకునే బటన్ దీనికి లేదు. అక్కడ టెస్ట్ బల్బే మేలు. 24 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు, ఒక హోల్డరు, రెండు వైర్లు, ఒక మొసలి క్లిప్పు ఉంటే చాలు. సాలినాయిడ్ వైరుకూ ఎర్త్‌కూ మధ్య దాన్ని కట్టి, కీ వేసి, హార్నెస్‌ను (వైర్ల కట్టను) జానెడు జానెడు చొప్పున వంచుతూ రండి. బల్బు ఎక్కడ మినుకుమంటే అక్కడే ఉంది.

ఇంకో చోట కూడా బల్బు మీటరును గెలుస్తుంది. కప్లర్‌లో 10 ఓమ్స్ చిలుము ఉన్న వైరును ఊడదీసి మీటరు పెడితే, మీటరు తాగే కరెంటు లేదు కాబట్టి నిండుగా 24 చూపిస్తుంది. అదే వైరుకు 21 వాట్ల బల్బు కడితే దానికి 17, 18 వోల్టులకు మించి అందదు, మసకగా వెలుగుతుంది. మీటరు అంకె బాగుంది, బండి మాత్రం నడవట్లేదు అన్న సందర్భాల్లో ఎక్కువ భాగం ఇదే.

కామన్ రైల్ బండ్లలో మాత్రం బల్బును ఈసీయూ (ఇంజన్ కంప్యూటరు) వైర్ల దరిదాపుల్లోకి రానివ్వకండి. 21 వాట్ల బల్బు 24 వోల్టుల దగ్గర దాదాపు 0.9 ఆంపియర్లు లాగుతుంది. సెన్సార్ లైనుకు, ఈసీయూ అవుట్‌పుట్‌కు అంత లోడు పెడితే పోయేది ఈసీయూ. అక్కడ 101 లాంటి మీటరే వాడాలి. రైల్ ప్రెషర్ సెన్సార్‌కు 5 వోల్టుల సప్లై వస్తోందా, ఇంజన్ ఆగి కీ వేసి ఉన్నప్పుడు సిగ్నల్ వైరు మీద అర వోల్టు దగ్గర ఉందా చూడండి. సున్నా లేదా 5 ఉంటే వైరు తెగడమో షార్టో. మీటరింగ్ యూనిట్ కాయిల్ సుమారు 2.5 నుంచి 5 ఓమ్స్ ఉంటుంది, కీ తీసి కప్లర్ ఊడదీశాకే కొలవండి. అంతకుమించి లోతుకు వెళ్లాలంటే స్కానర్ కావాలి. నడుస్తున్న ఇంజన్ హైప్రెషర్ పైపు నట్టును ఎయిర్ తీద్దామని వదులు చేయకండి. పాత పంపుల అలవాటు అక్కడ ప్రాణం మీదికి తెస్తుంది.

మన ప్రాంతపు పనికి సంబంధించి మూడు సంగతులు. భూపాలపల్లి, రామగుండం వైపు బొగ్గు తోలే బండ్ల కప్లర్లలో తడిసిన బొగ్గుపొడి పేరుకుని పిన్నులు పచ్చబడతాయి. వాటర్ సర్వీసింగ్‌లో గట్టి ధారతో కొట్టాక రెండు మూడు రోజులకు మొదలయ్యే ఫాల్టులు చాలావరకు ఇవే. కరీంనగర్ గ్రానైట్ బండ్లలో పొడి రాతిదుమ్ము కరెంటును పారనివ్వదు, పిన్నుల మధ్య చేరి వాటిని అరగదీస్తుంది. రెండింటికీ కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనిచ్చి, పిన్ను బిగువు చూసి, వదులైతే పిన్నే మార్చాలి. గీకితే పైపూత పోయి మరింత తొందరగా చిలుము పడుతుంది. మళ్లీ బిగించేటప్పుడు రబ్బరు సీలుకు కాస్త గ్రీజు రాయండి. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు ఈ దుమ్ముకు, వానకు ఒక సీజను కూడా ఆగదు. క్రింప్ చేసి హీట్‌ష్రింక్ స్లీవు వేయాలి. ఫీడ్ పంపుకు కొత్త వైరు లాగాల్సి వస్తే 2.5 చదరపు మిల్లీమీటర్లది వేయండి. 1.5 వైరు 6 మీటర్ల పొడవుకు 6 ఆంపియర్ల దగ్గర దానికదే 0.4 వోల్టు పైన తినేస్తుంది.

రెండోది ఎండ. 101కి కంపెనీ చెప్పిన పని ఉష్ణోగ్రత 40 డిగ్రీల దాకానే. మన మే నెల దాన్ని దాటుతుంది, డాష్‌బోర్డు మీద వదిలేస్తే ఇంకా ఎక్కువ. టూల్ డబ్బాలో గుడ్డ చుట్టి నీడలో పెట్టండి. మూడోది వెలుతురు. దీని తెరకు లైటు లేదు. రాత్రిపూట రోడ్డు పక్కన, ఛాసిస్ కింద పని ఎక్కువైతే అదే వరుసలో లైటు ఉన్న 107 చూడండి. దానికి ఆంపియర్ల రంధ్రం కూడా ఉంటుంది కాబట్టి మొదట చెప్పిన జాగ్రత్త మళ్లీ మీ మీద పడుతుంది. 101 రెండు సన్న పెన్సిల్ సెల్స్ మీద నడుస్తుంది, అవి ఎక్కడైనా దొరుకుతాయి. పసుపు మీటర్ల 9 వోల్టుల బ్యాటరీ కోసం ఏటూరునాగారం దాటాక వెతుక్కునే అవస్థ తప్పుతుంది.

పసుపు మీటరును పూర్తిగా తీసిపారేయక్కర్లేదు. దాని 200 మిల్లీవోల్టుల రేంజిలో పదో వంతు మిల్లీవోల్టు కనిపిస్తుంది, ఫ్యూజు డ్రాప్ చూడటానికి 101 కన్నా అదే నయం. ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలోకి పోకుండా అక్కడ ఎంసీల్ పెట్టి మూసేసి వాడండి. దాని ప్రోబు వైర్లు మాత్రం మొదటి రోజే మార్చాలి, ఎండకు బిరుసెక్కి పిన్ను దగ్గర లోపలే తెగుతాయి. అప్పుడు మంచి వైరును కూడా ఓపెన్ అని చూపిస్తుంది.

కొనేటప్పుడు షాపులోనే మీటరును ఓమ్స్‌లో పెట్టి రెండు మొనలూ గట్టిగా కలిపి పట్టుకోండి. 0.3 లోపు రావాలి. అలాగే పట్టుకుని ప్రోబు వైర్లను మీటరు దగ్గర, పిడి దగ్గర అటూ ఇటూ వంచండి. అంకె ఎగిరితే ఆ వైర్లు వద్దని చెప్పి వేరేవి అడగండి. తర్వాత షాపు ముందున్న బైకు బ్యాటరీ మీద పెట్టి, షాపతని మీటరుతో కూడా అదే బ్యాటరీ చూడండి. రెండింటి తేడా 0.1 వోల్టు లోపే ఉండాలి. మొసలి క్లిప్పులు, బ్యాక్‌ప్రోబు సూదులు అక్కడే తీసుకోండి, అవి లేకుండా పైన చెప్పిన టెస్టుల్లో సగం చేయలేరు.